ఒళ్ళు పట్టిస్తే ఏమవుతుంది?



నాట్ల రోజుల్లో ఏ ఊరికి వెళ్ళినా సాయంత్రం పూట ఒక మాట వినబడుతుంది. "నడుము విరిగిపోతున్నదమ్మా, కాస్త పట్టు." పట్టేవాళ్ళుంటే పడతారు. పది నిమిషాలు గడిచేసరికి ఆ మనిషి వాలకం మారుతుంది. అంతకు ముందు పిల్లల మీద విసుక్కున్నవాడే వాళ్ళను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంటాడు. ఆకలి తెలుస్తుంది, కన్ను మూత పడుతుంది. నొక్కింది కండరాన్నే గదా, మనస్సు ఎందుకు తేలికపడాలి? ఆ తేలిక ఎంతసేపు నిలుస్తుంది? మర్దన కీడు చేసే సందర్భాలు ఏవి? ఈ పూట ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందు పశువుల కొట్టంలోకి వెళదాం. అక్కడ మీకు తెలిసిన విషయంతోనే ఇది సులువుగా బోధపడుతుంది. పాలు పిండేముందు దూడను విడుస్తారు, లేదా పొదుగు కడిగి చేత్తో నిదానంగా నిమురుతారు. రెండు మూడు నిమిషాలకి చన్నులు బిగుస్తాయి. గేదె చేపింది అంటాం. జరిగిందేమిటంటే, పొదుగు మీద పడిన చేతి స్పర్శ నరాల వెంట మెదడుకు పోయింది. మెదడు అడుగున వేలాడే పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదిలింది. అది పొదుగు చేరి, పాలు తయారయ్యే సన్నని గదుల చుట్టూ ఉన్న కండరాలను బిగించింది. పాలు కిందికి దిగినాయి. సరిగ్గా అదే సమయానికి ఎవరైనా కేక వేసినా, కర్రతో ఒకటి అంటించినా గేదె ఎగచేపుతుంది. బెదురు పుట్టినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అడ్డం వస్తుంది. పొదుగునిండా పాలున్నా చెంబులో పడవు.

చూశారా, చర్మం మీద చెయ్యి పడితే రక్తంలో మార్పు వచ్చింది. మనస్సు బెదిరితే ఆ మార్పు నిలిచిపోయింది. శరీరమూ మనస్సూ వేరు వేరు గదుల్లో కాపురం చెయ్యడం లేదన్నమాట. మనిషికీ ఇదే వర్తిస్తుంది. అయితే మర్దనతో మనుషుల రక్తంలో ఆక్సిటోసిన్ పెరుగుతుందా అంటే పరీక్షలన్నీ ఒకే జవాబు ఇవ్వడం లేదు. అందుచేత ఆ ఒక్క హార్మోనుకే ఘనత అంతా కట్టబెట్టకూడదు.

మన చర్మంలో స్పర్శను మోసే నరాలు రెండు తరగతులు. ఒక తరగతివి వడిగలవి. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో, చేతిలో ఉన్నది వడ్లో జొన్నలో క్షణంలో చెబుతాయి. రెండో తరగతివి మందకొడివి. వెంట్రుకలున్న చర్మంలో, అంటే చేతుల పైభాగాన, వీపున, కాళ్ళ మీద ఉంటాయి. వీటి వెంట కబురు సెకండుకు సుమారు ఒక మీటరు మాత్రమే నడుస్తుంది. ఇవి చెప్పేది ఎక్కడ తగిలిందో కాదు, హాయిగా ఉందా లేదా అని. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరీక్షలో, సెకండుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరినప్పుడు ఈ నరాలు బాగా పలికాయి. మనుషులు హాయి అని చెప్పిన వేగమూ అదే. అంతకంటే తొందరగా రుద్దినా, మరీ నత్తనడకగా రుద్దినా అంత హాయి లేదు. దూడను నాలుకతో నాకే ఆవుకు, బిడ్డను జోకొట్టే తల్లికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. ఆస్ట్రియాలో ఆవుల మీద జరిపిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. ఒంటి మీద వేరు వేరు చోట్ల నిమిరి చూస్తే, మెడ కింద నిమిరినప్పుడే అవి ఎక్కువగా మెడ చాచినాయట. మన గంగడోలు గోకే అలవాటుకు ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఇక నొక్కుడు సంగతి. మన ఒంట్లో గుండెను, ఊపిరిని, పేగులను నడిపే నరాలకు రెండు పగ్గాలున్నాయి. ఒకటి పరుగెత్తించేది, రెండోది నిలబెట్టి మేత మేపేది. పగలంతా ఎండలో వంగి పనిచేసి, సాయంత్రం అప్పులవాడి మాట విని ఇంటికి వచ్చినవాడి ఒంట్లో మొదటి పగ్గమే బిగిసి ఉంటుంది. తగుమాత్రపు బరువుతో, తొందర లేకుండా నొక్కితే రెండో పగ్గం పనిలోకి వస్తుంది. గుండె కాస్త నెమ్మదిస్తుంది, రక్తపు పోటు కొద్దిగా దిగుతుంది. పొట్ట గుడగుడమంటుంది. కొందరికి కారణం లేకుండా కన్నీళ్ళు కూడా వస్తాయి. రానివ్వండి, అడ్డుప్రశ్నలు వెయ్యవద్దు. రక్తపు పోటు దిగుతుంది గనుకనే మర్దన అయిన వెంటనే దిగ్గున లేవకూడదు. కాసేపు కూర్చుని లేవాలి. ముసలివాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం.

అమెరికా పరిశోధకులు 2004లో 37 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క తీశారు. ఒక్కసారి మర్దన చేయించుకున్నవారిలో అప్పటి ఆందోళన, గుండె వేగం, రక్తపు పోటు తగ్గాయి. పలుమార్లు చేయించుకున్నవారిలో దిగులు, ఎడతెగని బెంగ గణనీయంగా తగ్గాయి. అయితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బాగా పడిపోతుందని ప్రచారంలో ఉన్న మాట ఆ లెక్కలో నిలవలేదు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పంట పోయి, అప్పు పెరిగి, రెండు వారాలుగా నిద్రలేక, బ్రతికి ఏం లాభం అంటున్న మనిషికి నూనె రాసి ఊరుకుంటే చాలదు. దగ్గర కూర్చోవాలి, ఒంటరిగా వదలకూడదు. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. విస్తరణ కార్యకర్తలు ఈ నంబరు ఎరువుల ధరల పక్కన రాసిపెట్టుకోవాలి.

కండరాల నొప్పి సంగతికి వద్దాం. కొన్ని నెలలు వంగకుండా ఉండి మొదటి రోజు నాటుకో కోతకో దిగితే, ఆ రాత్రి కంటే మర్నాడు, మూడోనాడు నొప్పి ఎక్కువ. దీనికి చాలామంది చెప్పే కారణం, కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుందని, మర్దన దాన్ని పిండి బయటికి పంపుతుందని. ఇది తప్పు. ఆ ఆమ్లం పని ఆపిన గంటా గంటన్నరలోపే దానంతటదే పోతుంది. మూడోనాటి నొప్పికి కారణం, అలవాటు లేని పనిలో కండరపు పోగులు సన్నగా చిట్లడం, అక్కడ వాపు రావడం. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 2012లో ప్రకటించిన పరీక్ష ఒకటి ఉంది. పదకొండుమంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక కాలికి మాత్రం పది నిమిషాలు మర్దన చేశారు. రెండు కాళ్ళనుంచీ కండరపు ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన కాలిలో వాపును పురికొల్పే సంకేతాలు తగ్గాయి. కణాల్లో శక్తి పుట్టించే భాగాలను పెంచే సంకేతం బలపడింది. లాక్టిక్ ఆమ్లంలో మాత్రం తేడా లేదు. పదకొండుమంది మీది పరీక్షను ఊరందరికీ కొలబద్ద చేయలేం గాని, దారి మాత్రం చూపింది. మలినాలు, విషాలు బయటికి పోతాయని మర్దన తరువాత కుండెడు నీళ్ళు తాగించేవారున్నారు. దాహమైతే తాగండి, అంతే. ఎండలో పనిచేసి వచ్చినవాడికి మర్దన ఉన్నా లేకున్నా నీళ్ళు అవసరమే.

మేలు ఎంతకాలం నిలుస్తుందంటే, ఎక్కువ కాలం కాదు. నడుము నొప్పి మీద జరిగిన 25 పరీక్షలను 2015లో బేరీజు వేశారు. ఉపశమనం కొద్దికాలమే కనబడింది. ఆ రుజువులు కూడా అంత గట్టివి కావని వారే అన్నారు. కనుక రోజూ రాత్రి నడుము పట్టించుకుంటూ, రోజూ పగలు గంటల తరబడి వంగే ఉంటే నొప్పి తిరిగి వస్తుంది. నాటులో అరగంటకోసారి నిటారుగా నిలబడి, నడుము మీద చేతులుంచి వెనక్కు వంగి, పది అడుగులు నడవాలి. మేస్త్రీలు దీన్ని సోమరితనమనుకోకూడదు.

ఇంతకూ ఎవరి నడుము ఎవరు పడుతున్నారు? నాట్లు వేసేది ఆడవారు. వంగేది వారు. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించేదీ వారే. సాయంత్రం మంచం మీద బోర్లా పడుకుని పట్టించుకునేది మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాడు. నాకిది న్యాయంగా తోచదు. మహిళా సంఘాల్లో ఇద్దరిద్దరుగా ఒకరికొకరు పది నిమిషాలు పట్టుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. దీనికి ఖర్చు నాలుగు చెంచాల నువ్వుల నూనె.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. నూనె గోరువెచ్చగా ఉండాలి. మోకాలి నుంచి మడమ దాకా అరచెయ్యి జారడానికి ఎనిమిది పది సెకండ్లు పట్టాలి. తరువాత పిక్కలను, వెన్నెముకకు రెండు పక్కలా ఉన్న కండరాలను అరచేతి మడమతో నొక్కాలి. వెన్నెముక మీద నొక్కవద్దు, తొక్కించవద్దు. మెడ పట్టుకుని టక్కున తిప్పడం కొందరికి సరదా. మెడలో మెదడుకు పోయే రక్తనాళాలున్నాయి, అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. నొప్పికి పళ్ళు బిగించవలసి వస్తే నొక్కుడు ఎక్కువైందని అర్థం. అట్లాంటి మర్దన మర్నాటికి కొత్త నొప్పి తెస్తుంది.

పురుగుమందు కొట్టి వచ్చిన రోజున స్నానం కాకుండా ఒంటికి నూనె తాకించవద్దు. మందు తుంపర చర్మం మీదనే ఉంటుంది, రుద్దితే ఒళ్ళంతా పులిమినట్లే. ముందు సబ్బుతో, నీళ్ళు ధారగా పోస్తూ కడుక్కోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. తల తిరుగుడు, చొంగ, చెమట, చూపు మసక ఉంటే మర్దన మాట వదిలి డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్ళాలి.

షుగరు జబ్బు ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది. కాచిన నూనె వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. వారికి నూనె చల్లగానే రాయాలి. పసిబిడ్డలకు నూనె రాయడం మంచిదే గాని, ముక్కులో, చెవుల్లో చుక్కలు వెయ్యకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నచోట రుద్దవద్దు. పాము కరిచినచోట అసలే రుద్దవద్దు, ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి. బాలింతకో, ఆపరేషనై మంచం పట్టి లేచినవారికో ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి పెడుతుంటే అది లోపలి నరంలో రక్తం గడ్డ కావచ్చు. పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయి ప్రాణం తీయగలదు.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది రొమ్ము నొప్పి దగ్గర. రొమ్ము మధ్య బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకి, చల్లని చెమట పడుతుంటే, "గ్యాసు పట్టింది" అని ఆముదం రాసి రుద్దుతూ గంటలు గడుపుతారు. చెయ్యి పెట్టినందుకు మనిషికి కాస్త ధైర్యం కలుగుతుంది, నొప్పి తగ్గినట్లే ఉంటుంది. లోపల గుండె కండరం మాత్రం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంటుంది. అప్పుడు నూనె గిన్నె పక్కన పెట్టి 108కి ఫోను చెయ్యండి. మనిషిని నడిపించవద్దు. వెనక ఆనుకునేందుకు ఏదైనా పెట్టి కూర్చోబెట్టి, బండి వచ్చేదాకా చెయ్యి పట్టుకుని దగ్గరే ఉండండి.