రెండు గంటల ప్రయాణమే... కానీ ఎవరికి?

ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చిన కొత్తల్లో మా గోస్పాడులో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "రెండు గంటల్లో విశాఖపట్నమంట!" 2021 మార్చి 28న అక్కణ్ణుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలయ్యాయి. పేరు కూడా మన పక్క ఊరి వీరుడిదే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. ఆడపిల్లల్ని దూరాభారం ఇచ్చిన తల్లుల సంబరం చెప్పనలవి కాదు. మా పెద్దమ్మయితే, "ఎసరు పెట్టి ఫోను చేస్తే, కూడు చల్లారక ముందే పాప వస్తాది" అనేసింది. వాళ్ళ పాప కాపురం విశాఖలోనే మరి.

రెండు గంటలన్నది అబద్ధం కాదు. ఓర్వకల్లుకూ విశాఖకూ మధ్య ఆకాశమార్గాన దాదాపు 580 కిలోమీటర్లు. ఇలాంటి చిన్న ఊళ్ళకు తిరిగేవి రెక్కలకు పంకాలుండే విమానాలు. గంటకు 500 కిలోమీటర్ల వేగం. పెద్ద జెట్ విమానాలైతే 800 దాటతాయి. పైగా టిక్కెట్టు మీద వేసే సమయంలో గాల్లో ఎగిరేదే కాదు, రన్‌వే దాకా నడిచేది, దిగాక ఆగేచోటికి చేరేది కూడా కలుస్తాయి.

అయితే ఆ రెండు గంటలూ విమానానివి, మనవి కావు. గోస్పాడు నుంచి నంద్యాల, పాణ్యం మీదుగా ఓర్వకల్లుకు అరవై కిలోమీటర్ల పైమాటే. తూర్పున ఉన్న విశాఖకు పోవడానికి ముందు పడమటికి నడవాలన్నమాట! దానికి గంటన్నర. అక్కడ ఇంకో గంటన్నర ముందుండాలి. దిగాక సామానుకు అరగంట, ఇల్లు చేరడానికి గంట. వెరసి ఆరున్నర గంటలు. ఎంత లేదన్నా రైలుకు పట్టేదాంట్లో సగమే కదా అంటారా? నిజమే, ఆ రోజు విమానం ఉంటే!

పెద్దమ్మకు పక్షవాతం వచ్చిన రోజు లేదు. వారంలో కొన్ని రోజులే నడిచేది. చెల్లెలు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, నల్లమల దాటి, నంద్యాలలో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. తల్లి చూసింది, చెయ్యి పట్టుకుంది. మాట మాత్రం అప్పటికే పడిపోయింది. పొద్దున దాకా "పాప యాడుంది?" అని అడుగుతూనే ఉందని చెల్లెలికి నేను చెప్పలేదు.

ఈ చిన్న విమానాలకు రోజూ తిరిగే బలం ఎందుకుండదంటే, జనం చాలరు. అందుకే 'ఉడాన్' పథకం కింద కొన్ని సీట్లకు ఛార్జీ కట్టడి చేసి, వచ్చే నష్టాన్ని ప్రభుత్వం భరిస్తుంది. అదీ మూడేళ్ళే. ఆ తర్వాత ఏ దారి ఉంటుందో, ఏది పోతుందో టిక్కెట్లు కొనేవాళ్ళను బట్టే. అందుకని కూతుర్నో తల్లినో దూరాన పెట్టుకున్నవాళ్ళు ఎన్ని గంటలని కాదు, ఏయే వారాలని అడిగి కాలెండరు మీద రాసుకోండి. రైలు వేళలు కూడా ఆ పక్కనే.

2025 జూలైలో ఓర్వకల్లు నుంచి విజయవాడకూ విమానం మొదలైంది. గాల్లో గంట చిల్లరే. మా ఇంటి నుంచి లెక్క కడితే అన్నీ కలిసి ఐదు గంటలకు తేలింది. నంద్యాలలో రైలెక్కితే ఆరేడు. ఆ గంటా రెండు గంటల కోసం పడమటికి పోయి తూర్పుకు తిరగడం నాకు నచ్చలేదు. నేనైతే రైలుకే పోతున్నా.