రైలు పోయింది... దారి మిగిలింది!

రైళ్లు ఆగిపోతే పట్టాలు తుప్పు పడతాయి. స్లీపర్లు పుచ్చిపోతాయి. కట్టమీద పొదలు లేస్తాయి. కొన్నాళ్లకు ఆ కట్టనూ ఎవరో ఒకరు దున్నేసి పొలంలో కలిపేసుకుంటారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఓ పాత రైలుమార్గానికీ ఆ గతే పట్టాల్సింది. పట్టలేదు. పట్టాలు పోయినా దారి మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు దానిమీద జనం నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. అలాగని ఇదంతా నవ్వుతూ తుళ్లుతూ జరిగిపోలేదు. వరదలొచ్చాయి, రైతులు కోర్టుకెక్కారు, సుప్రీంకోర్టు దాకా చర్చ నడిచింది.

ఆ దారి పేరు కేటీ ట్రైల్. పొడవు సుమారు 386 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి రైల్లో వెళ్తే 350 కిలోమీటర్లు. అంతకన్నా పొడవన్నమాట! పడమట క్లింటన్ దగ్గర మొదలై తూర్పున మేకెన్స్ దాకా సాగుతుంది. అందులో చాలా భాగం మిస్సోరి నది ఒడ్డునే. ఓ పక్క నీళ్లు, మరోపక్క నిటారుగా నిలబడ్డ సున్నపురాయి కొండలు. 1804లో లూయిస్, క్లార్క్‌ల బృందం పడమటి దేశాన్ని వెతుక్కుంటూ పడవల్లో ఎదురీదింది ఈ నదిలోనే.

ఎవరీ కేటీ?

ఎవరో అమ్మాయి పేరనుకుంటే పొరపాటే. మిస్సోరి-కాన్సస్-టెక్సస్ అనే రైలు కంపెనీ ఉండేది. స్టాక్ మార్కెట్లో ఆ కంపెనీకి వాడే పొట్టి గుర్తు కె-టి. జనం నోట్లో పడి అది ‘కేటీ’ అయింది. దశాబ్దాలపాటు ధాన్యాన్నీ బొగ్గునూ మనుషుల్నీ మోసిన కంపెనీ అది. అయితే, లారీలూ హైవేలూ వచ్చాక అమెరికాలో రైలుమార్గాలు కుంచించుకుపోవడం మొదలైంది. 1916 నాటికి ఆ దేశంలో 4 లక్షల కిలోమీటర్లకు పైగా రైలుమార్గాలుండేవి. తర్వాత ఏటికేడాది తగ్గుతూనే వచ్చాయి. నష్టాలొచ్చే మార్గాలను మూసుకోవడాన్ని 1980 నాటి చట్టం మరింత సులువు చేసింది.

నది ఒడ్డున ఉండటమే కేటీకి అందం. అదే దానికి శాపమూ అయింది. ప్రతి వరదకూ కట్ట కోసుకుపోయేది. మళ్లీ మళ్లీ బాగుచేసుకోవాల్సి వచ్చేది. 1986 అక్టోబరులో వచ్చిన వరదతో కంపెనీకి ఓపిక నశించింది. సెడేలియా నుంచి మేకెన్స్ వరకూ మార్గాన్ని వదిలేస్తామని చెప్పేసింది.

రైలుకీ ఓ బ్యాంకు

ఇక్కడే అసలు చిక్కు. రైలుమార్గం అంటే పట్టాలొక్కటే కాదు, వాటి కింద ఉన్న నేల కూడా. ఆ నేల అన్నిచోట్లా కంపెనీ సొంతం కాదు. వందేళ్ల కిందట చాలాచోట్ల రైతులు భూమిని అమ్మలేదు. రైలు నడుపుకోవడానికి దారిహక్కు మాత్రమే ఇచ్చారు. రైలు ఆగిపోతే ఆ హక్కు చెల్లిపోతుంది. నేల మళ్లీ పక్క పొలం యజమానికే వెళ్తుంది. అలా ఒక్కో ముక్కా ఒక్కో చేతికి పోతే ఇక ఆ దారిని కలపడం ఎవరి తరమూ కాదు. వందల మంది దగ్గర మళ్లీ భూమి సేకరించాలి. అయ్యే పనేనా?

దీనికి 1983లో అమెరికా పార్లమెంటు ఓ ఉపాయం కనిపెట్టింది. దాన్నే ‘రైల్ బ్యాంకింగ్’ అంటారు. డబ్బును బ్యాంకులో దాచుకున్నట్టే దారిని దాచుకోవడం. రైలు కంపెనీ మార్గాన్ని వదిలేయకుండా ప్రభుత్వానికో మరో సంస్థకో అప్పగిస్తుంది. తీసుకున్నవాళ్లు నిర్వహణ, పన్నులు, ప్రమాదాలు జరిగితే వచ్చే బాధ్యత... అన్నీ భరించాలి. బదులుగా దాన్ని నడకదారిగానో సైకిల్‌దారిగానో వాడుకోవచ్చు. ఎప్పుడైనా రైలు అవసరమైతే దారిని తిరిగి ఇచ్చేయాలి. అంటే చట్టం దృష్టిలో ఆ మార్గం మూతపడలేదు... కాస్త విశ్రాంతి తీసుకుంటోందంతే!

నిజానికి పాత రైలుదారిని సైకిల్‌దారిగా మార్చడం కొత్తేమీ కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్-స్పార్టా మధ్య 51 కిలోమీటర్ల మార్గాన్ని 1965లో ప్రభుత్వమే కొని, మూడు సొరంగాలతో సహా సైక్లిస్టులకు ఇచ్చేసింది. కాకపోతే కేటీ అంతకు ఏడున్నర రెట్లు. అంత దారిని తీర్చిదిద్దాలంటే డబ్బెక్కడిది?

సమాధానం ఓ దంపతుల రూపంలో వచ్చింది. షేర్ల వ్యాపార సంస్థ ఎడ్వర్డ్ జోన్స్‌ను నడిపించిన టెడ్ జోన్స్, ఆయన భార్య పాట్ కలిసి 22 లక్షల డాలర్లు విరాళమిచ్చారు. 1987లో దారి ప్రభుత్వం చేతికొచ్చింది. పట్టాలూ స్లీపర్లూ తీసేశారు. పాత కంకరమీద సున్నపురాయి పొడి పరిచి చదును చేశారు. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర తొలి భాగం ప్రారంభమైంది. అదే ఏడాది టెడ్ జోన్స్ కన్నుమూశారు.

‘మా భూమి మాకివ్వండి’

అందరూ చప్పట్లు కొట్టలేదు. రైలు ఆగిపోతే భూమి తిరిగొస్తుందని తాతల నాటి నుంచీ నమ్ముతున్న రైతులకు ఇది మింగుడు పడలేదు. ‘మేము దారి ఇచ్చింది రైలుకి, సైకిళ్లకి కాదు’ అన్నది వాళ్ల వాదన. ఊరూ పేరూ తెలియనివాళ్లు ఇళ్ల వెనకనుంచి తిరుగుతారనీ, చెత్త పడేస్తారనీ భయం వేరే. మిస్సోరి రైతులు కోర్టుకెళ్లి ఓడిపోయారు. వెర్మాంట్ రాష్ట్రంలో ఇలాంటి వివాదమే సుప్రీంకోర్టుకు చేరింది. 1990లో న్యాయమూర్తులంతా ఒక్కమాటగా చట్టం సరైనదేనన్నారు. అయితే భూమి పోయిందనుకున్నవాళ్లు కేంద్ర ప్రభుత్వాన్ని పరిహారం అడగొచ్చనీ చెప్పారు.

ఆ మాట ఊరికే పోలేదు. 2000లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు కేటీ దారి పక్కనున్న కొందరు రైతుల పక్షాన తీర్పిచ్చింది. దారిని ట్రైల్‌గా మార్చడం వాళ్ల ఆస్తిని తీసుకోవడమేననీ, పరిహారం చెల్లించాల్సిందేననీ తేల్చింది. దారి ప్రజలకు దక్కింది. రైతు వాదన కూడా తప్పు కాదని తేలింది.

మళ్లీ వరద

ఈలోగా నది మరోసారి తన ప్రతాపం చూపింది. 1993 మహావరద నాటికి 203 కిలోమీటర్ల దారి సిద్ధమైంది. అందులో 120 కిలోమీటర్లు దెబ్బతింది. రైలు కంపెనీ చేతులెత్తేసిన చోట ఈసారి ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. టన్నుల బరువున్న రైలు వెళ్లాలంటే కట్ట గట్టిగా ఉండాలి. సైకిల్‌కు అంత అక్కర్లేదు కదా! మళ్లీ పొడి పరిచారు. యూనియన్ పసిఫిక్ కంపెనీ 1991లో ఇచ్చిన 53 కిలోమీటర్లు కలిసి దారి సెడేలియా నుంచి క్లింటన్ దాకా పెరిగింది. తూర్పున మేకెన్స్ వరకూ చివరి ముక్క 2011లో పూర్తయింది.

రైలుదారి సైకిల్‌కు ఇంతబాగా ఎందుకు నప్పింది? రైలు నిట్టనిలువు ఎత్తులు ఎక్కలేదు, గభాలున మలుపు తిరగలేదు. అందుకే ఇంజనీర్లు కొండలు తొలిచి, పల్లాలు పూడ్చి దారిని దాదాపు సమంగా వేశారు. పిల్లలూ పెద్దవాళ్లూ ఆయాసపడకుండా తొక్కేయగలరు. రోష్‌పోర్ట్ దగ్గర 1893లో తవ్విన 243 అడుగుల సొరంగంలోంచి ఇప్పుడు సైకిళ్లు దూసుకెళ్తున్నాయి. సెడేలియాలో 1896 నాటి స్టేషన్‌ను బాగుచేసి నిలబెట్టారు. రైలుతోపాటే కళ తప్పిన చిన్న ఊళ్లలో బస గదులు, తినుబండారాల దుకాణాలు, సైకిల్ అద్దె కొట్లు వెలిశాయి. 2012లో ప్రభుత్వం వేయించిన లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది ఈ దారికి వస్తున్నారు. వాళ్లవల్ల ఏడాదికి దాదాపు కోటీ 85 లక్షల డాలర్ల వ్యాపారం జరుగుతోంది.

వంతెన కోసం పట్టు

బూన్‌విల్ ఊరివాళ్లది మరో కథ. అక్కడ నదిమీద 1932లో కట్టిన రైలువంతెన ఉంది. పడవలొస్తే మధ్యభాగం లిఫ్టులా పైకి లేచే వంతెన. దాన్ని విప్పి ఆ ఉక్కును మరో వంతెనకు వాడుకోవాలని యూనియన్ పసిఫిక్ అనుకుంది. ఊరు అడ్డుపడింది. వంతెన పోతే దారి తెగినట్టేననీ, అప్పుడు రైల్ బ్యాంకింగే ప్రశ్నార్థకమవుతుందనీ వాదన లేచింది. కోర్టులో గెలవకపోయినా పట్టు వదల్లేదు. చివరికి 2010లో వంతెన ఊరి సొంతమైంది. 2016 నుంచి దానిమీద కొంత దూరం నడిచి నదిని చూడొచ్చు.

కథ ఇంకా అయిపోలేదు. పాత రాక్ ఐలండ్ రైలుమార్గంలో 75 కిలోమీటర్లు 2016లోనే ట్రైల్‌గా మారి విండ్సర్ దగ్గర కేటీని కలిసింది. అక్కడి నుంచి తూర్పుగా మరో 232 కిలోమీటర్ల మార్గాన్ని 2021 డిసెంబరులో మిస్సోరి ప్రభుత్వం స్వీకరించింది. దాన్ని పూర్తిగా సిద్ధం చేయడానికి చాలా డబ్బు కావాలి. పాత వంతెనలనూ సొరంగాలనూ బాగుచేయాలి. పక్క పొలాల రైతుల అనుమానాలూ పాతవే. కానీ ఈసారి వాళ్లకు చూపించడానికి పక్కనే ఓ దారి ఉంది.

ఇంతకీ కేటీ మీద మళ్లీ రైలు వస్తుందా? దేశంలో బ్యాంకులో దాచిన మార్గాల్లో కొద్దిచోట్ల రైళ్లు తిరిగొచ్చాయి. ఇక్కడ ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం సైకిళ్లు పక్కకు తప్పుకోవాల్సిందే... ఎందుకంటే కాగితాలమీద అది ఇప్పటికీ రైలుదారే!