కొత్త నివాస ప్రాంతాల ప్రణాళికలో ప్రజాభిప్రాయ సేకరణ: విశాఖపట్నం అనుభవం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ప్రణాళికా రచనలో ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో, దానికి చట్టంలో ఉన్న ఆధారమేమిటో వివరించగలుగుతారు.
• విశాఖపట్నంలో కొత్త నివాస ప్రాంతాలు ఏర్పడిన తీరును ప్రజల భాగస్వామ్యం దృష్టితో విశ్లేషించగలుగుతారు.
• ఒక ముసాయిదా ప్రణాళికపై ఉపయోగపడే అభ్యంతర పత్రాన్ని స్వయంగా రాయగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ఆనందపురం, సబ్బవరం, పెందుర్తి వైపు ఎప్పుడైనా బస్సులో వెళ్లారా? ఒకప్పుడు జీడిమామిడి, సరుగుడు తోటలు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు కనిపిస్తాయి. ఆ రాళ్లు పాతడానికి చాలాముందే ఎక్కడో ఒక కార్యాలయంలో ఒక పటం తయారై ఉంటుంది. రోడ్డు ఎటు పోవాలి, పార్కు ఎక్కడ ఉండాలి, బడికి ఎంత స్థలం వదలాలి అన్నవన్నీ ఆ పటంలోనే తేలిపోతాయి. ఇళ్లు కట్టిన తరువాత వాటిని మార్చడం దాదాపు అసాధ్యం. అందువల్ల పటం ఇంకా ముసాయిదాగా ఉన్న కొద్దిరోజులే ప్రజలకు దక్కే అవకాశం. ఆ కొద్దిరోజుల్లో ఏం జరుగుతుంది, ఏం జరగాలి అన్నదే ఈ భాగంలోని విషయం.

9.2 ప్రజాభిప్రాయ సేకరణ: భావన

20వ శతాబ్ది ఆరంభంలో పట్టణ ప్రణాళిక అంటే ఇంజనీరు గీసే గీత అన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఈ ధోరణిని ప్రశ్నించిన వారిలో పాట్రిక్ గెడ్డెస్ ముఖ్యుడు. ఆయన 1914లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి అనేక పట్టణాలను కాలినడకన పరిశీలించాడు. విశాఖపట్నం కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనిదే. చికిత్సకు ముందు రోగనిర్ధారణ జరిగినట్లే, ప్రణాళికకు ముందు సర్వే జరగాలన్నది ఆయన వాదన. అక్కడ నివసించేవారి జీవన విధానం తెలియకుండా వీధులు కూల్చి వెడల్పు చేయడాన్ని ఆయన వ్యతిరేకించాడు.

ప్రజలను అడగడంలోనూ అనేక స్థాయిలు ఉంటాయి. అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రచురించిన వ్యాసంలో ప్రజాభాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. అట్టడుగు రెండు మెట్లలో భాగస్వామ్యం పేరుకు మాత్రమే ఉంటుంది. సమాచారమివ్వడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగో మెట్టు. ప్రజలకు నిర్ణయంలో నిజమైన వాటా దొరికేది ఆరో మెట్టు నుంచి మాత్రమే. కాబట్టి ‘అభిప్రాయం సేకరించాం’ అన్న మాట విన్నప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఆ అభిప్రాయం వల్ల పటంలో ఏ గీత అయినా మారే వీలుందా?

9.3 చట్టపరమైన ఆధారాలు

(అ) 74వ రాజ్యాంగ సవరణ, 1992: దీని ద్వారా చేరిన 12వ షెడ్యూలులోని 18 అంశాలలో మొదటిది పట్టణ ప్రణాళిక. పది లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మహానగర ప్రాంతాలకు 243జెడ్ఈ అధికరణం కింద మహానగర ప్రణాళికా సంఘం ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు ఎన్నికైన ప్రతినిధుల నుంచి రావాలి.

(ఆ) ఆంధ్రప్రదేశ్ మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం, 2016: వుడాగా అందరికీ తెలిసిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ 2018లో ఈ చట్టం కింద విశాఖపట్నం మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీగా, అంటే వీఎంఆర్‌డీఏగా మారింది. ప్రణాళికను ఖరారు చేసేముందు ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు, సూచనలు కోరి, వాటిని పరిశీలించడం ఈ ప్రక్రియలో తప్పనిసరి దశ.

(ఇ) సమాచార హక్కు చట్టం, 2005: సెక్షన్ 4(1)(సి) ప్రకారం ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలకు సంబంధించిన వాస్తవాలను ప్రభుత్వ సంస్థలు తామే ప్రచురించాలి. దీని ప్రాధాన్యం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. భూవినియోగ మార్పు ప్రకటనలలో అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజుల గడువిస్తారు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి కార్యాలయానికి 30 రోజుల వ్యవధి ఉంది. అంటే మీరు అడిగి తెలుసుకునేసరికి అభ్యంతరం చెప్పే గడువు దాటిపోతుంది. అందుకే అడగకముందే సమాచారం ప్రజల ముందుండాలని ఈ సెక్షన్ చెబుతోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
ఆర్న్‌స్టీన్ నిచ్చెనలో ‘అభిప్రాయం అడగడం’ ఎన్నో మెట్టు? అది ఎందుకు సరిపోదు?

9.4 విశాఖపట్నం: మూడు సందర్భాలు

9.4.1 అడగని కాలం: ఉక్కు కర్మాగారం

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దానికోసం 60కి పైగా గ్రామాల భూములు తీసుకున్నారు. ఒకవైపు సెక్టార్లుగా, ప్లాను ప్రకారం ఉక్కునగరం వెలిసింది. మరోవైపు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ ప్రాంతాలలో నిర్వాసితుల కాలనీలు ఏర్పడ్డాయి. అప్పుడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని 5ఏ సెక్షన్ కింద భూమిలో హక్కు ఉన్నవారు 30 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు. కాని ఆ అభ్యంతరం భూమి తీసుకోవడంపైనే. వెళ్లబోయే కాలనీలో వీధి ఎంత వెడల్పుండాలి, పశువుల పాక ఎక్కడ వేసుకోవాలి, శ్మశానానికి దారేది అని అడిగే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఊరు పోగొట్టుకున్నవారికి కొత్త ఊరు ఎలా ఉండాలో చెప్పే హక్కు లేకపోవడం ఇక్కడ గమనించవలసిన అంశం.

9.4.2 ఎవరిని అడగాలి: 2020 భూసమీకరణ

2020 జనవరి 25న వెలువడిన జీవో 72 ద్వారా విశాఖపట్నం జిల్లాలో 6,116.50 ఎకరాల భూసమీకరణకు ప్రభుత్వం అనుమతించింది. పేదలకు ఇళ్ల స్థలాలివ్వడం దీని ఉద్దేశం. అసైన్డు భూమి ఉన్నవారికి ఎకరాకు 900 చదరపు గజాలు, పదేళ్లకు పైగా ఆక్రమణలో ఉన్నవారికి 450, ఐదు నుంచి పదేళ్లుగా ఉన్నవారికి 250 చదరపు గజాల అభివృద్ధి చేసిన స్థలం ఇవ్వాలని నిర్ణయించారు.

ఎకరా అంటే 4,840 చదరపు గజాలు. 900 గజాలు అందులో 19 శాతం కంటే తక్కువ. అభివృద్ధి చేసిన స్థలానికి విలువ ఎక్కువన్న వాదనలో నిజముంది. అయితే ఆ విలువ రోడ్డు, నీరు, విద్యుత్తు ఎప్పుడు వస్తాయన్న దానిపై ఆధారపడుతుంది. అందువల్ల ఇలాంటి పథకంపై జరిగే గ్రామసభలో గజాల లెక్కతోపాటు గడువు లెక్క కూడా అడగాలి.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. భూమి ఇచ్చేవారు పేదలే, ఇంటి స్థలం పొందేవారూ పేదలే. సభకు వచ్చేది మొదటివారు. రేపు ఆ కాలనీలో నివసించేవారు ఈరోజు నగరంలో ఎక్కడో అద్దె ఇళ్లలో ఉంటారు. పని చేసే చోటికి బస్సు ఉందా, పిల్లలకు బడి ఉందా అన్న ప్రశ్నలు వారివి. వాటిని సభలో అడిగేవారు ఉండరు. కౌలుదారు పేరు పైన చెప్పిన మూడు వరుసలలో దేనిలోనూ లేదు. కొత్త నివాస ప్రాంతం విషయంలో ‘ప్రజలు’ అంటే ఎవరు అన్న ప్రశ్నకు సమాధానం తేలిక కాదని దీనివల్ల అర్థమవుతుంది.

9.4.3 అడిగిన కాలం: మాస్టర్ ప్లాన్ 2041

వీఎంఆర్‌డీఏ 2041 సంవత్సరం వరకు వర్తించే మాస్టర్ ప్లాన్ ముసాయిదాను 2021 జూలైలో ప్రజల ముందుంచి అభ్యంతరాలు, సూచనలు కోరింది. అది కోవిడ్ కాలం. కొత్త రోడ్లు, విస్తరించే రోడ్ల గీతలు తమ ఇళ్లమీదుగా, లేఅవుట్లమీదుగా పోతున్నాయని పలు ప్రాంతాలవారు అభ్యంతరం తెలిపారు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం ప్రణాళికను ఆమోదించింది. ఆ తరువాత దానిని సవరించాలన్న నిర్ణయం కూడా జరిగింది.

ఒక నేపథ్యాన్ని గుర్తుంచుకోండి. మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో సుమారు తొమ్మిదేళ్లపాటు నగరంలోని వార్డులకు కార్పొరేటర్లు లేరు. మామూలుగా మన వీధి సంగతి పై కార్యాలయానికి మోసేది కార్పొరేటరే. ఆ వంతెన లేని కాలంలో తయారైన ప్రణాళికపై అభ్యంతరాలన్నీ చివరి నెలలో ఒక్కసారిగా వచ్చిపడడంలో ఆశ్చర్యం లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
కొత్త కాలనీ ప్రణాళికపై జరిగే సభలో సాధారణంగా ఎవరి గొంతు వినిపించదు?

9.5 ముసాయిదాను చదవడం ఎలా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ మండలంలో 100 ఎకరాలలో, 12,000 మంది నివసించేలా ఒక కాలనీకి ముసాయిదా వచ్చిందనుకోండి. కింది అంశాలను వరుసగా చూడండి.

1. ఖాళీ స్థలం: రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం 10 శాతం స్థలాన్ని పార్కులు, ఆటస్థలాలకు వదలాలి. ఇక్కడ అది 10 ఎకరాలు. లెక్క సరిపోయిందా అని చూస్తే చాలదు. ఆ పది ఎకరాలు పిల్లలు ఆడుకునే ఒక చదునైన చోట ఉన్నాయా, లేక ఎందుకూ పనికిరాని ముక్కలుగా అంచుల్లో ఉన్నాయా అన్నది చూడాలి.

2. బడులు: కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల ప్రకారం 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల, 7,500 జనాభాకు ఒక సీనియర్ సెకండరీ పాఠశాల ఉండాలి. 12,000 మందికి కనీసం రెండు ప్రాథమిక పాఠశాలలు కావాలి. పటంలో ‘విద్యాసంస్థ’ అని ఒకే ఒక గడి ఉంటే, అది మీ అభ్యంతరానికి బలమైన ఆధారం.

3. నీటి దారి: విశాఖపట్నం కొండలకు, సముద్రానికి మధ్య ఉన్న నగరం. వాన నీరు కొండ దిగి గెడ్డల ద్వారా సముద్రానికి చేరాలి. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారని మీకు తెలుసు. ఎండాకాలంలో గెడ్డ పొడి ఇసుక దారిలా ఉంటుంది. పటంలో అది ఖాళీ జాగాగా కనిపిస్తుంది. పాత గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ నకలు పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

4. కలిసే రోడ్డు: కాలనీ లోపలి రోడ్లు బాగానే ఉంటాయి. కాలనీని ప్రధాన రహదారితో కలిపే రోడ్డు ఎవరు, ఎప్పుడు వేస్తారో రాసి ఉందా?

9.6 అభ్యంతరం రాయడం ఎలా?

నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో విశాఖ శివారున ఒక లేఅవుట్‌పై జరిగిన సమావేశానికి విద్యార్థులతో కలిసి వెళ్లాను. గోడకు పెద్ద పటం తగిలించారు. ఒక వృద్ధ రైతు లేచి, “బాబూ, మా గెడ్డ ఇందులో ఎక్కడుందండీ?” అని అడిగాడు. పటంలో ఆ చోట ఆకుపచ్చ రంగు వేసి పార్కు అని రాశారు. వానాకాలంలో అక్కడ నడుము లోతు నీరు పారుతుందని ఆయన చెప్పాడు. అందరూ శ్రద్ధగానే విన్నారు. బయటికి వచ్చాక, కాగితం మీద రాసి ఇవ్వాలా అని ఆయన నన్ను అడిగాడు. “సభలోనే చెప్పారు కదా, సరిపోతుంది” అన్నాను. సరిపోలేదు. సమావేశపు నమోదులో ఆ మాట లేదు. కొన్నేళ్ల తరువాత వెళ్లి చూస్తే పార్కు పేరుతో ఉన్న చోట నీరు నిలిచి ఉంది, చుట్టుపక్కల ఇళ్ల గోడలకు తడి మరకలు ఉన్నాయి. డాక్టరేటు ఉన్న నేను ఆ రోజు ఇచ్చిన సలహా తప్పు. చెప్పిన మాట గాలికి పోతుంది. రాసి, రసీదు తీసుకున్న మాటకు ఎవరైనా జవాబు చెప్పవలసి వస్తుంది.

అందువల్ల అభ్యంతర పత్రంలో ఈ ఐదూ ఉండేలా చూసుకోండి:

• ఎక్కడ: గ్రామం, సర్వే నంబరు, ముసాయిదా పటం లేదా పేజీ సంఖ్య.
• ఏమిటి: ఒక్కో పేరాలో ఒక్క అభ్యంతరం మాత్రమే.
• ఆధారం: గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ, అడంగల్ నకళ్లు, తేదీ ఉన్న ఫొటో, నిబంధన.
• ప్రత్యామ్నాయం: ‘వద్దు’ అనడంతో ఆగకుండా, ఏం చేయవచ్చో చెప్పాలి.
• కోరిక: తీసుకున్న నిర్ణయాన్ని, దానికి కారణాన్ని రాతపూర్వకంగా తెలపమని అడగాలి.

ఆ రైతు మాటను ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉండేది: “ఫలానా సర్వే నంబరులో పార్కుగా చూపిన స్థలం గ్రామ పటంలో గెడ్డగా ఉంది. నకలు జతచేశాను. దీనిని నీటి దారిగానే ఉంచి, పార్కును ఎత్తుగా ఉన్న తూర్పు వైపు స్థలానికి మార్చవలసిందిగా కోరుతున్నాను. నిర్ణయాన్ని, దాని కారణాన్ని నాకు తెలియజేయగలరు.” నాలుగు వాక్యాలు, ఒక అర్ధ పేజీ. దీనికి న్యాయవాది అక్కరలేదు. గడువులోగా అందజేసి, కార్యాలయపు ముద్ర, తేదీ ఉన్న రసీదు తీసుకోవాలి.

ఒకే నమూనాపై వందమంది సంతకాలు చేసిన పత్రాలు వ్యతిరేకత ఎంత ఉందో తెలుపుతాయి. తప్పు ఎక్కడుందో చూపేది మాత్రం సర్వే నంబరుతో ఉన్న ఒక్క పత్రం. రెండూ అవసరమే. కాని పటాన్ని సరిదిద్దడానికి అధికారికి రెండోది కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
అభ్యంతర పత్రంలో ఉండవలసిన ఐదు అంశాలేవి?

9.7 సారాంశం

కొత్త నివాస ప్రాంతం స్వరూపం ముసాయిదా దశలోనే నిర్ణయమవుతుంది. ప్రజలను అడగడాన్ని చట్టం తప్పనిసరి చేసినా, తక్కువ గడువు, సమాచార లోపం, స్థానిక ప్రతినిధులు లేకపోవడం దానిని నామమాత్రం చేయగలవు. ఉక్కు కర్మాగారం కాలంలో ఊళ్లు పోయినవారికి కొత్త ఊరి రూపంపై చెప్పే వీలు లేదు. ఇప్పుడు వీలుంది. దానిని నిలబెట్టేది స్థలం, ఆధారం, ప్రత్యామ్నాయం చూపే రాతపూర్వక అభ్యంతరం. పట్టణ ప్రణాళికను చదువుకున్న విద్యార్థిగా, మీ ఊరిలో ఆ కాగితం రాయడం తెలియని ఒకరికి రాసిపెట్టడం ఈ పాఠానికి సరైన ప్రయోగం.

9.8 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ సమాధానాలు

1. నాలుగో మెట్టు. విన్నదానిని అమలు చేస్తారన్న హామీ అందులో లేదు.
2. భవిష్యత్తులో అక్కడ నివసించబోయేవారు, కౌలుదారులు.
3. ఎక్కడ, ఏమిటి, ఆధారం, ప్రత్యామ్నాయం, కోరిక.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విశాఖపట్నం అనుభవం ఆధారంగా ప్రణాళికా రచనలో ప్రజాభాగస్వామ్యం తీరుతెన్నులను చర్చించండి.
2. మీ ప్రాంతంలోని ఒక లేఅవుట్‌ను పరిశీలించి, పార్కు, బడి, నీటి దారి అంశాలపై ఒక అభ్యంతర పత్రం రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మహానగర ప్రణాళికా సంఘం.
2. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి) ప్రాధాన్యం.

9.10 పదకోశం

ముసాయిదా: ఖరారు కాని తొలి ప్రతి.
భూసమీకరణ: యజమానుల నుంచి భూమి తీసుకుని, అభివృద్ధి చేసి, కొంత భాగాన్ని స్థలంగా తిరిగి ఇచ్చే పద్ధతి.
అసైన్డు భూమి: ప్రభుత్వం పేదలకు సాగు కోసం లేదా ఇంటి కోసం ఇచ్చిన భూమి.
ఎఫ్‌ఎంబీ: ప్రతి సర్వే నంబరు కొలతలు, హద్దులు చూపే క్షేత్ర కొలతల పుస్తకం.