ఒకే మాట, ముగ్గురికి మూడు అర్థాలు

"అమ్మా, ఈ ప్రాజెక్ట్ నా వల్ల కాదు. మానేస్తున్నా."

కిందటి అక్టోబరులో కాలేజీ నుంచి మా అమ్మాయి ఫోన్. తను స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఆంత్రోపాలజీ చదివే అమ్మాయి, నర్సింగ్ చదివే అబ్బాయితో కలిసి అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ప్రాజెక్ట్ ఒకటి తీసుకుంది. వలస వచ్చిన ఆడవాళ్లు షుగర్ మందులు మధ్యలో ఎందుకు ఆపేస్తారన్నది విషయం. మన ఇళ్లలో కథే కదా అని నేనూ సంబరపడ్డాను.

గొడవ నెల ముందే మొదలైంది. "12 మందితో మాట్లాడితే అది డేటా ఎలా అవుతుంది?" అని మా అమ్మాయి. "మనుషుల్ని అంకెలు చేస్తావా?" అని ఆంత్రోపాలజీ అమ్మాయి. "క్లినిక్‌లో ఏం మార్చాలో తేల్చండి చాలు" అని ఆ అబ్బాయి.

అప్పుడు నేనేమన్నాను? మా అమ్మ నాతో అన్నదే. "కాస్త సర్దుకుపో, తల్లీ." సర్దుకుపోవడమంటే నోరు మూసుకోవడమే అయింది. లోపల కోపం పెరిగింది.

చివరికి వాళ్ల ప్రొఫెసర్ ముగ్గురినీ కూర్చోబెట్టి 'టూల్‌బాక్స్' అనే పద్ధతిలో మాట్లాడించారు. ఐడహో యూనివర్సిటీలో వేర్వేరు శాస్త్రాల పీహెచ్‌డీ విద్యార్థుల కోసం మొదలైన పద్ధతి ఇది. 2007లో బయోసైన్స్ పత్రికలో దీని గురించి వ్యాసం వచ్చింది. తర్వాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ దీనికి కేంద్రమైంది.

చేసేది చాలా సులువు. పరిశోధన గురించి కొన్ని వాక్యాలు ఇస్తారు. ఒప్పుకుంటారా లేదా అని ఎవరికి వారు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ఆ తర్వాత ఎందుకలా వేశారో మాట్లాడుకుంటారు. చివర్లో మళ్లీ మార్కులు వేస్తారు. అందరూ ఏకం కావాలని కాదు, తేడా ఎక్కడుందో తెలియాలని.

"కొద్దిమందితో లోతుగా మాట్లాడినా అది నమ్మదగిన డేటాయే" అన్న వాక్యానికి మా అమ్మాయి 1 వేసింది, ఆంత్రోపాలజీ అమ్మాయి 5. ఇద్దరూ 'డేటా' అంటున్నారు. ఒకరు ఎంతమంది ఆపేశారని అడుగుతుంటే, ఇంకొకరు ఎందుకు ఆపేశారని అడుగుతున్నారు. క్లినిక్‌కి రెండూ కావాలని నర్సింగ్ అబ్బాయి అన్నాడట. ముందు ఇంటర్వ్యూలు, వాటిలో తేలిన కారణాలతో సర్వే అని నిర్ణయించుకున్నారు.

రెండోసారి మా అమ్మాయి 3 వేసింది. "5 మాత్రం వెయ్యనమ్మా," అంది నవ్వుతూ. ప్రాజెక్ట్ మానలేదు. వాదనలూ ఆగలేదు.

మీ పిల్లలూ ఇలాంటి టీమ్‌లో చిక్కుకుంటే, "ఆ మాటకి నీ అర్థమేంటి, వాళ్ల అర్థమేంటి?" అని అడిగి చూడండి. నేనైతే "సర్దుకుపో" అనడం మానేశాను.