రామానుజన్ నోటుపుస్తకానికి దారి చూపిన గుత్తి సంఘం

కర్నూలు నుంచి అనంతపురం వెళ్లే బస్సులో డోన్, ప్యాపిలి దాటి కొంత దూరం పోతే గుత్తి కొండ, దానిమీది కోట కనిపిస్తాయి. కోట సంగతి అందరికీ తెలిసిందే. కాని భారతీయ గణిత సంఘానికి బీజం పడింది కూడా ఈ గుత్తిలోనే అంటే చాలామందికి ఆశ్చర్యం కలగవచ్చు. శ్రీనివాస రామానుజన్ అనే పేద యువకుడి నోటుపుస్తకం పెద్దల కంటపడడానికి ఆ సంఘమే మొదటి మెట్టు అయింది.

చందాలతో మొదలైన సంఘం

1906లో గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి.రామస్వామి అయ్యర్‌కు లెక్కలంటే ప్రాణం. కొత్త గణిత గ్రంథాలు, విదేశీ పత్రికలు ఆ రోజుల్లో సులభంగా దొరికేవి కావు. తలా కొంత చందా వేసుకుని వాటిని తెప్పించి, ఒకరి తర్వాత ఒకరు టపాలో పంపుకుని చదువుకుందామని ఆయన తనవంటివారికి ఉత్తరాలు రాశారు. ఆ ప్రయత్నం ఫలించి 1907 ఏప్రిల్ 4న సంఘం ఏర్పడింది. పిమ్మట సంఘం తరఫున ఒక పత్రిక కూడా వెలువడింది.

నోటుపుస్తకమే సిఫారసు

రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగాడు. లెక్కలు తప్ప మరేదీ పట్టించుకోక ఎఫ్.ఎ. పరీక్ష తప్పాడు. డిగ్రీ లేదు, నౌకరీ లేదు. 1910లో, అప్పటికి తిరుక్కోయిలూరులో పనిచేస్తున్న రామస్వామి అయ్యర్ దగ్గరకు వెళ్లి చిన్న గుమాస్తా పని అడిగాడు. చూపడానికి చేతిలో ఉన్నది నోటుపుస్తకం ఒక్కటే.

అయ్యర్ దాన్ని తిరగేసి అబ్బురపడ్డారు. ఇంతటి ప్రతిభను కచేరీ బల్ల దగ్గర అణచివేయడం ఇష్టంలేక ఉద్యోగం ఇవ్వలేదు. మద్రాసులోని గణితజ్ఞులకు పరిచయం చేసి పంపారు. అక్కడ పి.వి.శేషు అయ్యర్ నెల్లూరు కలెక్టరు ఆర్.రామచంద్రరావుకు చీటీ రాసి ఇచ్చారు.

రామచంద్రరావుకు మొదటి చూపులో ఆ పుస్తకం అర్థం కాలేదు. తర్వాత రామానుజన్ తన తోవ మార్చుకున్నాడు. ముందు సులువైన ఫలితాలు చూపి, అక్కడినుంచి ఒక్కొక్క మెట్టుగా కఠినమైనవాటికి తీసుకుపోయాడు. కలెక్టరుకు నమ్మకం కుదిరింది. ఏం కావాలని అడిగితే, తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకునే వీలు చాలన్నాడు. నెలకు 25 రూపాయల సాయం అందింది.

నడుమ మెట్లు ఏవి?

రామానుజన్‌తో వచ్చిన చిక్కల్లా ఒకటే. జవాబు రాసేవాడు, దారి రాసేవాడు కాదు. 1911లో సంఘం పత్రికలో ఒక ప్రశ్న వేశాడు. ఒకటికి రెండింతల వర్గమూలం కలపాలి, ఆ మూలం లోపల మళ్లీ ఒకటికి మూడింతల వర్గమూలం, దాని లోపల నాలుగింతలు, ఇలా అంతు లేకుండా సాగితే మొత్తం వర్గమూలం ఎంత? నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరకు రామానుజనే చెప్పాడు. జవాబు 3.

నడుమ మెట్లు చూపితే ఇది పదో తరగతి పిల్లలకు కూడా అందుతుంది. 3 అంటే 9కి వర్గమూలం. 9 అంటే ఒకటికి 2 నాలుగులు కలిపితే వచ్చేది. ఆ 4 అంటే 16కు వర్గమూలం. 16 అంటే ఒకటికి 3 అయిదులు కలపడం. ఆ 5 అంటే 25కు వర్గమూలం, అది ఒకటికి 4 ఆరులు. వరుస అలా సాగిపోతుంది.

1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగిరీ దొరికింది. అక్కడి ముఖ్య గణకుడు నారాయణ అయ్యర్ రాత్రిళ్లు రామానుజన్ పక్కన కూర్చుని పలకల మీద లెక్కలు చేసేవారు. నీ ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య మాబోటివాళ్ల కోసం ఇంకొన్ని మెట్లు రాయమని ఆయన పట్టుబట్టేవారని చెబుతారు.

కేంబ్రిడ్జికి ఉత్తరం

అంతకుముందు ఇంగ్లండుకు రాసిన ఉత్తరాల వల్ల ఆశించిన ఫలం దక్కలేదు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్.హార్డీకి రాసిన ఉత్తరం మాత్రం గురి తప్పలేదు. తానెవరో, జీతమెంతో, కాలేజీ చదువు పూర్తి కాలేదన్న సంగతీ దాచకుండా నాలుగు మాటల్లో చెప్పాడు. వెంటనే హార్డీ స్వయంగా రాసిన ఒక చిన్న పుస్తకంలోని మాటను ఎత్తుకుని, దానికి తన సమాధానం ఉందన్నాడు. నోటుపుస్తకంలోని వేల ఫలితాల్లోంచి సుమారు 120 ఏరి జత చేశాడు. ప్రధాన సంఖ్యలపై ఆయన చెప్పిన ఆ సమాధానంలో పొరపాటున్నట్టు తర్వాత తేలింది. అయినా తక్కినవి చూసిన హార్డీకి ఇది మామూలు బుర్ర కాదని బోధపడింది. 1914 మార్చి 17న రామానుజన్ ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశాడు.

రాయకుండా వదిలేసిన మెట్లు మాత్రం అలాగే మిగిలాయి. 1957లో నోటుపుస్తకాలను ఉన్నవి ఉన్నట్టుగా అచ్చువేశారు. వాటిలోని మూడు వేలకు పైగా ఫలితాలకు రుజువులు కూర్చి అమెరికా గణితజ్ఞుడు బ్రూస్ బెర్న్‌ట్ 1985 నుంచి 1998 వరకు అయిదు సంపుటాలు ప్రకటించవలసి వచ్చింది.

మన పల్లెల పిల్లలకు

రామానుజన్ పుట్టినరోజైన డిసెంబర్ 22ను 2012 నుంచి జాతీయ గణిత దినంగా జరుపుతున్నారు. ఆనాడు బడిలో ఉపన్యాసాలతో సరిపెట్టక, లెక్కల మీద మక్కువ గల పిల్లల నోటుపుస్తకాలు తెప్పించి చూస్తే మేలు. పిల్లలు కూడా ఒక పద్ధతి పాటించాలి. మొదట పేరు, ఊరు, తరగతి రాయాలి. చేసిన లెక్కల్లో బాగున్నవి నాలుగే ఏరాలి. తేలికైనది ముందు పెట్టాలి. నడుమ మెట్టు ఒక్కటీ వదలకూడదు. అలా రాసింది లెక్కల అయ్యవారి చేతికి ఇస్తే, ఆయన పైవారికి ఒక చీటీ రాసి పంపడానికి వీలుంటుంది. రామానుజన్ నోటుపుస్తకం తిరుక్కోయిలూరు నుంచి కేంబ్రిడ్జి చేరింది అలాంటి చీటీల మీదనే.