పాత స్తంభాలు - కొత్త తీగలు

2003 ఆగస్టు 14వ తేదీ మధ్యాహ్నం ఒహాయో రాష్ట్రంలో మూడు 345 కిలోవోల్టుల విద్యుత్ మార్గాలు ఒకదాని వెంట ఒకటి చెట్ల కొమ్మలకు తగిలి ఆగిపోయాయి. కొమ్మలను సకాలంలో నరికించకపోవడానికి, హెచ్చరించవలసిన కంప్యూటరు మూగవోవడం తోడైంది. సాయంత్రానికి అమెరికా, కెనడాలలో దాదాపు 5 కోట్ల మంది చీకటిలో మునిగిపోయారు. ఆ రాత్రి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తీగలు కొమ్మల దాకా ఎందుకు దిగివచ్చాయి? విద్యుత్ప్రవాహం తీగలో వేడిని పుట్టిస్తుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వేడికి లోహం సాగి, తీగ నేలవైపు వేలాడుతుంది. కనుక అనేక మార్గాల సామర్థ్యానికి హద్దు ఈ వేడిమియే.

నూరేళ్లకు పైగా వాడుకలో ఉన్న తీగకు నడుమ ఉక్కు, చుట్టూ అల్యూమినియం పోగులు ఉంటాయి. ఉక్కుకు బదులు కార్బన్ నార మిశ్రమాన్ని వెన్నెముకగా అమర్చిన తీగలు నేడు లభిస్తున్నాయి. ఇవి వేడికి చాలా తక్కువగా సాగుతాయి. వెన్నెముక సన్నబడడంతో అదే లావులో ఎక్కువ అల్యూమినియం పడుతుంది. ఫలితంగా అవే స్తంభాలపై సుమారు రెట్టింపు విద్యుత్తును పంపవచ్చు. టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండే లోయలో 2010 దశకంలో 345 కిలోవోల్టుల మార్గాలకు, సరఫరా నిలపకుండానే, ఇట్టి తీగలను మార్చారు.

తీగను మార్చకుండానే కొంత లాభం పొందే ఉపాయం మరొకటి ఉంది. మండు వేసవిని, మందమారుతాన్ని ఊహించి తీగకు హద్దు నిర్ణయించడం పాత ఆచారం. వాస్తవానికి చల్లని గాలి వీచే వేళ తీగ మరింత మోయగలదు. ఆయా వేళల గాలి ఉష్ణోగ్రతను బట్టి ఈ హద్దును సవరించాలని అమెరికా సమాఖ్య ఇంధన నియంత్రణ సంఘం 2021 డిసెంబరులో ఆదేశించింది. గాలి వేగాన్ని, తీగ వేలాటాన్ని కూడ పరికరాలతో కొలిచి హద్దు నిర్ణయించే పద్ధతి అంతకంటె ఒక అడుగు ముందున్నది.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. వందల మైళ్ల మార్గాలలో వేడిమికంటె ముందు వోల్టేజి నిలకడ అడ్డు వస్తుంది. ఉపకేంద్రాలలోని ట్రాన్స్‌ఫార్మర్లు కూడ ఆ భారాన్ని తట్టుకోవాలి.

2023 చివరకు అమెరికాలో గ్రిడ్డుతో అనుసంధానం కోరుతూ వరుసలో నిలిచిన విద్యుత్, నిల్వ కేంద్రాల సామర్థ్యం దాదాపు 2,600 గిగావాట్లు. అవన్నీ నిర్మాణానికి రాకపోవచ్చు. అయినా అప్పటికి దేశంలో పనిచేస్తున్న కేంద్రాలన్నిటికీ అది సుమారు రెట్టింపు. కొత్త మార్గానికి భూసేకరణ, అనుమతులు, వ్యాజ్యాలు ముగిసేసరికి పదేళ్లు గడవడం అరుదు కాదు. అందాక ఎదురుచూడలేని వారికి, ఉన్న స్తంభాలను పూర్తిగా వాడుకొనడమే దగ్గరి దారి.