బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీయే పోయినట్టా?

కారు కొని రెండేళ్లయినా కాలేదు. పొద్దున్నే బటన్ నొక్కితే తెర మీద ‘బ్యాటరీ తక్కువ’ అన్న సందేశం. ఇంట్లో ఎవరో ఒకరు వెంటనే తేల్చేస్తారు: ‘బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు’. అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా చేయించే అపోహ ఇదే. కరెంటు సరిపోవడం లేదన్నంత వరకే ఆ సందేశానికి తెలుసు. తప్పు బ్యాటరీదా, దాన్ని నింపే ఆల్టర్నేటర్‌దా, రాత్రంతా కరెంటు తాగుతున్న ఇంకేదైనా పరికరానిదా అన్నది కొలిచి చూస్తేనే తేలుతుంది.

అసలు ఆ సందేశం దేని గురించో ముందు చదవాలి. ‘కీ బ్యాటరీ’ అని ఉంటే అది చేతిలో ఉన్న తాళంలోని బిళ్ల సెల్ సంగతి. చాలా కార్లలో అది 3 వోల్టుల సీఆర్2032. వాచీ షాపులో దొరుకుతుంది. అది పూర్తిగా అయిపోయినా, చాలా మోడళ్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజిన్ అందుకుంటుంది.

ఇంజిన్ నడుస్తుండగా ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగితే మాత్రం సంగతి వేరు. బొమ్మ బ్యాటరీదే అయినా, అది సాధారణంగా చెప్పేది ఛార్జింగ్ ఆగిపోయిందని. ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్టు, వైరింగ్ అనుమానితులు. అక్కడి నుంచి కారు బ్యాటరీలో మిగిలిన కరెంటుతోనే నడుస్తుంది. ‘ఇంటికెళ్లాక చూద్దాంలే’ అనుకుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగు బరువెక్కి, బండి ఆగిపోవచ్చు. కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. కాబట్టి టెంపరేచర్ ముల్లు కూడా పైకి ఎక్కుతుంటే కారును పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.

బ్యాటరీ మీద ఉండే చిన్న ‘కన్ను’ పచ్చగా కనిపిస్తే అంతా బాగున్నట్టేనని మరో నమ్మకం. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఆ కన్ను చూసేది ఒక్కదాన్నే. మిగతా అయిదింట్లో ఏది చచ్చినా దానికి తెలియదు.

నమ్మదగింది మల్టీమీటర్. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో పొద్దున కొలవాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగం, 12 కంటే తగ్గితే ఖాళీకి దగ్గర. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మోసపోతాం. 12.6 ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9 వోల్టుల కిందికి జారిపోతే, అప్పుడు దాని మీద అనుమానం న్యాయమే. బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయిస్తే ఖాయంగా తెలుస్తుంది.

‘ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టులు రావాలి, రాకపోతే డైనమో (ఆల్టర్నేటర్) పోయినట్టే’ అన్నది పాత కార్లకు సరిపోయిన లెక్క. కొత్త కార్లలో చాలావాటికి ఛార్జింగ్‌ను కంప్యూటరే నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంధనం ఆదా కోసం వోల్టేజీని 13 కంటే కిందికి కూడా దించుతుంది. కాలు యాక్సిలరేటర్ మీంచి తీయగానే 14 దాటిస్తుంది. ఒక్క రీడింగు చూసి ఆల్టర్నేటర్‌ను విప్పేయడం తొందరపాటు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడాలి, స్కానర్‌తో సరిచూసుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒక పాత పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా మైనస్ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని చెప్పడం. అలా పీకిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగసిపడి, ఇంజిన్ కంప్యూటర్‌తో సహా ఖరీదైన యూనిట్లు కాలిపోయే ప్రమాదముంది. ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా, ఎంత దగ్గరివాడైనా, కొత్త కారు మీద ఈ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాలి.

ఆపి ఉంచిన కారు కరెంటు తినదనుకోవడమూ పొరపాటే. అలారం, తాళం రిసీవర్, ఫోన్ యాప్‌తో మాట్లాడే యూనిట్ అన్నీ మెలకువగానే ఉంటాయి. మొత్తం 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సాధారణమే. ఆ 50 చొప్పునే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పంతొమ్మిది రోజుల్లో సగమవుతుంది. విడిగా బిగించిన డాష్‌క్యామ్ దానికి తోడైతే అంతకంటే ముందే. ఊరెళ్లి వచ్చేసరికి కారు కదలదేమోనని పక్కింటివాళ్లతో రోజూ పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేయించడం పరిష్కారం కాదు. బాగా దిగిపోయిన బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది. మంచి ఛార్జర్ పెట్టి నింపడమే మేలు.

నిజంగానే మార్చాల్సి వస్తే, సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగే కార్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి. చవకని మామూలుది వేస్తే పదేపదే సెల్ఫ్ కొట్టడంతో అది త్వరగా పాడైపోతుంది. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతిని స్కానర్‌తో కారుకు చెప్పాలి. లేకపోతే పాతది ఉన్నట్టే ఛార్జ్ చేస్తుంది.

ఎలక్ట్రిక్ కారుకు ఈ గొడవే లేదని చాలామంది ధీమా. కానీ దాదాపు అన్నిటిలోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులు దాని కరెంటుతోనే మూసుకుంటాయి. ఆ చిన్నది ఖాళీ అయ్యే ప్రమాదముందనే 2024 జూన్‌లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది. లోపం ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్‌లో ఉంది. అలాంటి కారులో కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేసినా మళ్లీ దిగిపోతుంది. రాత్రి 80 శాతం చూపించిన కారు పొద్దున తలుపు కూడా తెరుచుకోక, ట్రక్కు మీద సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సి రావచ్చు.